వెలుతురు దూరని కోత

మురళి ఐసు కవరు ఊడదీసి, లోపలి పుల్లను రెండు వేళ్ళతో పట్టుకుని మెల్లగా కదిపాడు. పుల్ల చేతిలోకి వచ్చేసింది. చెక్కిన చోట నల్లబడి ఉంది. దాన్ని బుట్టలో వేసి పక్క మొక్క దగ్గరికి జరిగాడు.

రాహేలమ్మ చేతులు కట్టుకుని చూస్తూ నిలబడింది. పచ్చ వల కింద మామిడి అంట్లు కట్టి నెల దాటింది. టెంకల నుంచి మొలిచిన నాటు మొక్కల తలలు కోసి, కాండాన్ని నడిమికి చీల్చి, బేనీషా రకం మామిడి కొమ్మ పుల్లను రెండు వైపులా ఏటవాలుగా చెక్కి ఆ చీలికలో దించుతారు. పట్టీ చుట్టి, పైన పిల్లలు తినే ఐసుకు వాడే సన్నటి ప్లాస్టిక్ కవరు తొడుగుతారు. అతికిన పుల్ల నెలకల్లా చిగురు వేస్తుంది. అతకనిది ఇలా చేతికి వచ్చేస్తుంది. ఎవరు కట్టిన మొక్కలకు వాళ్ళ రంగు దారం ఉంటుంది. రెజీనాది పసుపు. రాహేలమ్మది ఎరుపు.

బుట్టలో ఎర్ర దారాలే ఎక్కువగా కనిపిస్తున్నాయి.

"నూటికి అరవై పోయినాయి అక్కా," అన్నాడు మురళి తల ఎత్తకుండా. అతను మేస్త్రీ. చిన్నవాడు. పని నేర్చుకున్నది రాహేలమ్మ దగ్గరే. "రెజీనక్కవి పన్నెండే పోయినాయి."

"పుల్లలు ఒకే చెట్టువి కదప్పా?"

"ఒకే చెట్టువి. ఒకే రోజు కట్టినారు."

నర్సరీ యజమాని మునిరత్నం తోపుడుబండి పక్కనుంచి వచ్చాడు. అరవై దాటిన మనిషి, ఇస్త్రీ చొక్కా, కాళ్ళకు రబ్బరు చెప్పులు. బండి చక్రం రాయి మీద ఎక్కి అంచునున్న మొక్క ఒకటి జారింది. నేలకు తగలకముందే ఆయన ఎడమ చెయ్యి చాచి దాన్ని అందుకున్నాడు. తర్వాత కుడి చేతికి మార్చుకుని బండి మీద సర్ది పెట్టాడు. బుట్టలోకి చూశాడు.

"ఏమ్మా రాహేలమ్మా, ఏమంటావు?"

ఆమె బుట్టలోంచి ఎర్ర దారం పుల్ల ఒకటి తీసి చూసింది.

"కత్తులు కూడా మార్చినా. బెంగళూరు నుంచి తెప్పించినా, ఒక్కోటి పన్నెండు నూర్లు. అందరికీ పని బాగైంది. నీకే చెడింది. కత్తిని అనేదానికి లేదు." ఆయన గొంతులో కోపం లేదు. "మొదటినుంచీ చెప్తాండా. మొక్కకు ప్రాణం పోసే పని ఇది. ఎడమ చేత్తో చేసేది కాదు."

"పదహైదేండ్లు ఈ చేత్తోనే కట్టినా అయ్యా."

"అప్పుడు బతికినాయి. నేను నోరెత్తలేదు." ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "మహానంది నుంచి మూడువేల అంట్లకు ఆర్డరు వచ్చింది. సోమవారం మొదలుపెట్టాల. నువ్వు సంచులు నింపు. కూలి తగ్గించనులే."

కూలి తగ్గిస్తానని ఉంటే ఆమె ఏదైనా మాట్లాడి ఉండేది. తగ్గించను అనేసరికి తల ఊపింది. ఎర్రమట్టి, ఎరువు, ఇసుక కలిపి నల్ల సంచుల్లో నింపే పని కొత్తగా వచ్చినవాళ్ళకు ఇస్తారు. మోకాళ్ళు పోయిన ముసలివాళ్ళకు ఇస్తారు.

మధ్యాహ్నం వేపచెట్టు కింద కూర్చున్నప్పుడు రెజీనా తన గిన్నెలోంచి వంకాయ కూర ఆమె గిన్నెలో వేసింది. "నీ పాత కత్తి ఏమైందక్కా? వేలంత సన్నంగా అరిగిపోయిండె, అదే."

"పాతవన్నీ మూటగట్టి ఇనుప సామాన్లోనికి ఏసేసినాడు మురళి. కొత్తవి వచ్చినాయని నేనే సంతోషంగా ఇచ్చినా."

రెజీనా తన కొత్త కత్తిని గోనె మీద పెట్టింది. వాళ్ళలో ఎవరూ కత్తిని చేతికి చెయ్యి ఇవ్వరు. కింద పెడితే అవతలివాళ్ళు తీసుకోవాలి, లేకపోతే పోట్లాట వస్తుందంటారు. రాహేలమ్మ దాన్ని తీసుకుని వెంట్రుక మీద ఆనించింది. వెంట్రుక తెగి ఎగిరింది. మంచి కత్తి. కష్టమంతా అదే. కత్తి మంచిది, పుల్లలు మంచివి, మిగిలింది తన చెయ్యి.

ఆ సాయంత్రం ఇంటి ముందర మెట్టు మీద కూర్చుని, వేప పుల్లలు విరిచి తెచ్చుకుని, కూరగాయల కత్తితో కుడి చేత్తో చెక్కడం మొదలుపెట్టింది. నాలుగో పుల్లకు ఎడమ బొటనవేలు తెగింది. వేలు నోట్లో పెట్టుకుని కూర్చుంది.

భర్త జ్ఞానరాజు సైకిలు దిగాడు. మంగంపేట ముగ్గురాయి మిల్లులో పని అతనికి. రెప్పల దగ్గర్నుంచి కాలి గోళ్ళ దాకా తెల్లటి పిండి. కండువాతో మొహం తుడుచుకుంటే తుడిచిన చోట మనిషి కనిపించాడు.

"ఏం మే, పండ్లు తోముకునేదానికి ఊరందరికీ పుల్లలు చెక్కతాండావా?"

ఆమె జరిగింది చెప్పింది. అతను సైకిలు గోడకు ఆనించి, పక్కన కూర్చున్నాడు. మెట్టు మీద అతని ఆకారం తెల్లగా పడింది.

"ఇరవై ఎనిమిదేండ్ల నాడు మన పెండ్లికి చర్చి బుక్కులో ఎడమ చేత్తోనే సంతకం పెట్టినావు. పాస్టరయ్య నిన్ను చూసి, నన్ను చూసి, ఏమీ అనల్యా. అది ఇంకా బతికే ఉండాది కదా?"

ఆమెకు నవ్వొచ్చింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది.

"ఆ నర్సరీ కత్తి కంటే మంచిది కొనుక్కో," అన్నాడు అతను. "యాడుందో చూసి, ఎంతైనా సరే."

శనివారం సాయంత్రం ఆమె కోడూరు బజారులో వ్యవసాయ సామాన్ల అంగడికి పోయింది. గల్లాలో కోమట్ల అమ్మాయి సుచరిత కూర్చుని ఉంది. చదువు అయిపోయినాక తండ్రితో పాటు అంగడి చూసుకుంటోంది.

"అంటు కత్తి కావల్ల పాపా. ఉన్నదాంట్లో మంచిది."

సుచరిత అద్దాల బీరువాలోంచి మూడు తీసి పరిచింది. నూట ఎనభైది పచ్చ ప్లాస్టిక్ పిడి. తళతళ మెరుస్తోంది. రాహేలమ్మ పిడి పట్టుకుని ఊపింది, కోసే అలుగు సన్నగా కదిలింది. పక్కన పెట్టేసింది. రెండోది మడిచే కత్తి. తెరిచి చూసి, "తడి చేతుల్లో ఇది మూసుకుంటే వేళ్ళు పోతాయి" అంది. మూడోది ఎర్ర పిడి, విదేశీది, మడవనిది. ధర పద్దెనిమిది నూర్లు. పిడిలో అలుగు గట్టిగా కూర్చుని ఉంది. అంచు మీద గోరు పెడితే గోరు జారలేదు, పట్టుకుంది.

సుచరిత కుండీలో ఉన్న నిమ్మ మొక్క నుంచి రెమ్మ ఒకటి తుంచి ఇచ్చింది. "చెక్కి చూడు పెద్దమ్మా. కొనేముందర చూస్తే తప్పేముంది."

రాహేలమ్మ చెక్కింది. నున్నగానే దిగింది కత్తి. కానీ మధ్యలో లోపలికి పోయి, చివర పైకి లేచింది. వేలితో తడిమితే చెక్కిన చోట చెంచాలా పల్లంగా ఉంది. మళ్ళీ చెక్కింది. మళ్ళీ అదే. నర్సరీ కత్తి చేసినట్టే ఇది కూడా చేసింది.

ఆమె చీర కొంగు ముడి విప్పింది. "దీన్నే ఇచ్చెయ్ పాపా. అలవాటైతే సరిపోతాదేమో."

సుచరిత రెమ్మను తీసుకుని దీపం వెలుతురులో తిప్పి చూసింది. కత్తిని తుడిచి మళ్ళీ పెట్టెలో పెట్టేసింది.

"వద్దు పెద్దమ్మా. నేను అమ్మితే నువ్వు కొంటావు. ఇది నీకు కుదరడం ల్యా, ఎందుకో నాకు తెల్దు. మా తోటలో కొమ్మ కత్తులన్నీ మంగంపేటలో ఆచారి చేస్తాడు. లారీల షెడ్డు పక్కన. ఆయన్ను అడుగు."

"ఇంత మంచి కత్తే కుదరకుంటే ఆయన మాత్రం ఏం చేస్తాడు?"

"పోయి చూడు. పోయేదేముంది?"

ఆదివారం ఆరాధన అయ్యాక, తెల్ల చీర మార్చకుండానే, జ్ఞానరాజు సైకిలు వెనక కూర్చుని పోయింది రాహేలమ్మ. జూలై నెల, వాన పేరుకు కూడా లేదు. గనుల దగ్గర తవ్విపోసిన మట్టి గుట్టలు బూడిద రంగులో మెరుస్తున్నాయి. రోడ్డు పక్క తుమ్మచెట్ల ఆకుల మీద కూడా పిండి పేరుకుని ఉంది.

చంద్రాచారి షెడ్డులో రేకుల కింద ఒక కొలిమి, ఇనుము సాగగొట్టే దాగలి, ఒక సాన చక్రం. ఆయన స్టూలు మీద కూర్చుని టీ తాగుతున్నాడు. సన్నగా, ఎత్తుగా, భుజాలు ముందుకు వంగిన మనిషి.

"ఏమప్పా జ్ఞానరాజూ, ఆదివారం నాడు ఇట్లొచ్చినావు? మీకు ఈ పూట బేరం కూడదు కదా?"

"బేరం చెయ్యంలే. ఊరికే చూసిపోతాం."

"బేరం చెయ్యని గిరాకీ అంటే నాకు శానా ఇష్టం. చెప్పిన దుడ్లకు ఒప్పుకుని పోతారు." ఆచారి నవ్వి, గ్లాసు కింద పెట్టాడు. కర్నూలు అవతల కోడుమూరు నుంచి ముప్పై ఏండ్ల కిందట గనులకు ఉలులు సాన పట్టడానికి వచ్చినవాడు ఆయన. ఇన్నేండ్లైనా డబ్బును దుడ్లు అనే ఆ ఊరి మాట పోలేదు.

రేకు డబ్బాలోంచి కత్తులు తీసి దాగలి మీద వరసగా పెట్టాడు. రాహేలమ్మ మెరుస్తున్నదాన్ని తీసుకోబోయింది.

"మెరుపు ఆకురాయితో ఎవరైనా తెస్తారమ్మా. తోక చూడు." ఆయన ఇంకో కత్తి తిప్పి పట్టాడు. అలుగు వెనక భాగం పిడి చివరి దాకా సాగి, కొసన తేలి కనిపిస్తోంది. మూడు ఇత్తడి చీలలు. "అంగట్లో కత్తులకు తోక బొటనవేలంత ఉంటాది. పిడి నీళ్ళు తాగినాక ఊగుతాది. ఇది టింబరు డిపో రంపం బ్లేడు. పదేండ్లు దుంగలు కోసిన ఉక్కు. నీ పుల్లలు దానికొక లెక్కా?"

"పిడికి ఎర్రచందనం పెట్టి ఉంటే ఇంకా బాగుంటుండె," అన్నాడు జ్ఞానరాజు.

"పెట్టి ముగ్గురం కలిసి జైల్లో కూచుందామా? ఇది చింతచేవ. నాకు చాలు."

ఆయన వేప పుల్ల ఒకటి ఆమె ముందర పెట్టాడు. రాహేలమ్మ కత్తి తీసుకుంది. పక్కన పరాయి మనిషి ఉన్నాడని కుడి చేతిలోకి మార్చుకుంది.

"ఆ చెయ్యి కాదు," అన్నాడు ఆచారి. "ముందర తీసుకున్నావు చూడు, ఆ చెయ్యి."

ఆమె జ్ఞానరాజు వైపు చూసింది. తర్వాత ఎడమ చేతిలోకి మార్చుకుని చెక్కింది. ఆచారి పుల్ల తీసుకుని పల్లం మీద బొటనవేలు రాశాడు. లేచి, గోడకున్న సంచిలోంచి తాను మధ్యాహ్నం ఉల్లిపాయ తరుక్కునే కత్తి తీసి దాగలి మీద పెట్టాడు. తుప్పు మరకలున్న నల్లటి కత్తి.

"దీంతో."

అది మొద్దుగా ఉంది. గట్టిగా నొక్కాల్సి వచ్చింది. పుల్ల తెగి, చెక్కిన ముఖం బయటపడింది. రాహేలమ్మ దాన్ని చూసి, మళ్ళీ చూసింది. గరుకుగా ఉంది గానీ పలకలా చదునుగా ఉంది. పల్లం లేదు.

"నీ చేతిలో తప్పు ల్యా," అన్నాడు ఆచారి. ఇంకేదో పని గురించి చెప్పినట్టే చెప్పాడు. "అంటు కత్తికి ఒక పక్కే వాలు తీస్తారు. రెండో పక్క పలక మాదిరి చదును. కుడిచేతోళ్ళకు ఆ చదును పక్క పుల్లకు ఆనుకుని దిగుతాది. నువ్వు పట్టుకుంటే వాలు పక్క ఆనుతాది. అప్పుడు కత్తి తన దోవన తాను పోతాది. ఎంత మంచి కత్తి అయితే అంత లోపలికి పోతాది. నా ఉల్లిపాయల కత్తికి రెండు పక్కలా వాలే. దానికి ఏ చెయ్యైనా ఒకటే. నీ పాతది కూడా అట్లాంటిదే అయ్యుంటాది."

"మరి నా చెయ్యి..."

"కోడుమూరులో మా నాయన జొన్న కోతలప్పుడు ఎడమచేతోళ్ళకు వేరే కొడవండ్లు చేస్తాండె. ఊరికి నలుగురైదుగురు ఉంటారు ఎట్లైనా. కొడవలి పండ్లు తిరగేసి తీస్తాండె, అంతే. కోత మిషన్లు వచ్చినాక ఎవురూ అడగల్యా. నేనూ మరిచిపోయినా."

ఆయన డబ్బా అడుగు నుంచి ఒక కత్తి తీశాడు. పిడి వేసి ఉంది, అంచు ఇంకా తీయలేదు. సాన చక్రం తిప్పాడు. మూడు లెక్కపెట్టేంతలో ఒకసారి అలుగును నీళ్ళలో ముంచుతున్నాడు. నిప్పురవ్వలు తక్కువ, తుస్సుమనే చప్పుడు ఎక్కువ. "నీలం రంగు తిరిగిందంటే ఉక్కు చచ్చినట్టే," అని జ్ఞానరాజుతో అన్నాడు. గంటన్నర పట్టింది. రాహేలమ్మ కదలకుండా నిలబడింది. చివర్లో ఆయన నూనె రాయి మీద అలుగును ఆనించి, చంటిబిడ్డ వీపు నిమిరినట్టు ముందుకూ వెనక్కూ తిప్పాడు.

దాగలి మీద పెట్టాడు. ఆమె తీసుకుంది.

ఒక్క లాగు. పుల్ల రెండుగా పడింది. ఇంకొకటి తీసుకుని చెక్కి, రెండు ముఖాలనూ ఒకదానికొకటి ఆనించి షెడ్డు బయటికి వచ్చి ఎండకేసి పట్టుకుంది. పని నేర్చుకున్న కొత్తలో నర్సరీలోని ఒక పెద్దామె నేర్పిన పరీక్ష అది. నడుమ వెలుతురు దూరితే అతకదు. దూరకపోతే అతుకుతుంది.

నడుమ నల్లగా ఉంది. వెంట్రుకంత గీత కూడా లేదు.

ఆమె అలాగే చేతులెత్తి నిలబడింది.

"పదకొండు నూర్లు," అన్నాడు ఆచారి. "ఆదివారం దుడ్లు మీరియ్యకూడదు, నేను తీసుకోను. రేపు మిల్లుకు వస్తాడు కదా ఈయప్ప, అప్పుడిస్తాడు. కత్తి తీసుకుపో."

సోమవారం పొద్దున మురళి ఆమెకు పార చూపించాడు. మట్టి కుప్ప పక్కన నల్ల సంచుల కట్ట. రాహేలమ్మ కొంగులోంచి గుడ్డ మూట తీసి విప్పింది.

"పది మొక్కలు ఇయ్యి మురళీ. పదే. తర్వాత సంచులు నింపుతా."

"అయ్య చూస్తే నన్నంటాడు అక్కా."

"పది పుల్లలకు ఏమంటాడప్పా? నీకు పని నేర్పినదాన్ని అడుగుతాండా."

అతను ఇంకేదో చెప్పేలోగా రెజీనా తన వరస నుంచి పది మొక్కలు తెచ్చి గోనె మీద పెట్టేసింది. పుల్లల కట్ట కూడా పక్కన పెట్టి, ఏమీ ఎరగనట్టు తన పీట మీదికి పోయి కూర్చుంది.

రాహేలమ్మ మొదటి మొక్క తల కోసింది. కాండాన్ని నడిమికి చీల్చింది. పుల్ల తీసుకుని అటొక లాగు, ఇటొక లాగు. చెక్కిన ముఖాలు తడిగా, లేత పచ్చగా మెరిశాయి. చీలికలో దించి బెరడుకు బెరడు కలిపింది. పట్టీ కింది నుంచి పైకి చుట్టింది. చేతులకు అలవాటైన పని. తల పని చెయ్యాల్సిన అవసరం లేదు. నాలుగో మొక్క దగ్గర ఉండగా, మట్టి మీద రబ్బరు చెప్పుల చప్పుడు వినబడింది.

"సంచులు నింపమన్నా కదమ్మా?"

"నింపుతానయ్యా. ఈ పది అయినాక."

మునిరత్నం మురళి వైపు చూశాడు. మురళి మొహం ఎర్రబడింది. "కొత్త కత్తి కొనుక్కున్నాదంట సార్. చూద్దామని..."

"ఆ కత్తి ఇట్లియ్యి," అన్నాడు మునిరత్నం.

రాహేలమ్మ కత్తిని గోనె మీద పెట్టింది. ముందు మురళి తీసుకున్నాడు. పుల్ల చెక్కాడు. మధ్యలో కత్తి లోపలికి దూసుకుపోయింది. ఇంకొకటి చెక్కాడు. చెంచాలాంటి పల్లం.

"బాగలేదు సార్ ఇది," అని గోనె మీద పడేశాడు. "ఆ ఆచారికి వాలు తీయడమే తెల్దు. అడ్డం తీసినాడు."

"అడ్డం కాదు," అంది రాహేలమ్మ నెమ్మదిగా. "నా పక్కకు తీసినాడు."

ఆచారి చెప్పిందంతా ఆమెకు సరిగా చెప్పడం రాలేదు. అలుగును ఎత్తి చదును పక్కను చూపించింది, తర్వాత రెజీనా కత్తిని పక్కన పెట్టి రెండూ చూడమంది. ఒకదానికి వాలు ఇటు, ఇంకోదానికి అటు. తాను చెక్కిన రెండు పుల్లల ముఖాలను ఒకదానికొకటి ఆనించి గోనె మీద పెట్టింది. మునిరత్నం వాటిని అలాగే తీసుకుని వల చిరుగులోంచి పడుతున్న ఎండకు ఎదురుగా పట్టుకున్నాడు. కళ్ళజోడు నుదుటి మీదికి ఎత్తి చూశాడు. చాలాసేపు చూశాడు.

పుల్లలను కింద పెట్టి, ఆయన గొంతుక్కూర్చున్నాడు. వయసైన మోకాళ్ళు చప్పుడు చేశాయి. కత్తి కోసం కుడి చెయ్యి చాచాడు. అది సగంలో ఆగింది. ఆయన మురళి వైపు చూడలేదు, రెజీనా వైపు చూడలేదు. ఎడమ చేత్తో కత్తి తీసుకున్నాడు.

ఒక్క లాగు. పుల్ల తిప్పాడు, ఇంకొక లాగు. పీట మీద రెజీనా చేతిలోని పట్టీ అలాగే ఉండిపోయింది. మునిరత్నం చెక్కిన ముఖం మీద వేలు పెట్టి చివరిదాకా రాశాడు. ఎక్కడా పల్లం లేదు.

"అన్నం తినేటప్పుడు మా నాయన ఈ చేతిని వెనక్కి కట్టేస్తుండె," అన్నాడు ఎవరితోనూ కాకుండా. "ఎనిమిదేండ్లు వచ్చిందాకా."

ఆయన ఐదో మొక్కను దగ్గరికి లాక్కుని, తల కోసి, చీల్చి, పుల్లను దించాడు. పట్టీ చుట్టడం చేతకాక రెండుసార్లు జారవిడిచాడు. రాహేలమ్మ వంగి పట్టీ కొస పట్టుకుంది, ఆయన చుట్టాడు. ఐసు కవరు ఆమె తొడిగింది. ఆయన కత్తిని గోనె మీద పెట్టి, మోకాలి మీద చెయ్యి ఆనించి లేచాడు.

"ఎంత పెట్టినావు దీనికి?"

"పదకొండు నూర్లయ్యా."

"పెట్టొచ్చు," అన్నాడు మునిరత్నం. రెండడుగులు వేసి ఆగాడు. "మురళీ, ఆ సంచులకు ఇంకెవరినైనా చూడు."

మురళి పారను తానే ఎత్తి భుజాన పెట్టుకున్నాడు. తర్వాత ఐదో మొక్క గుర్తొచ్చి వెనక్కి తిరిగాడు.

"దీనికి ఏ రంగు దారం కట్టాల సార్?"

మునిరత్నం అప్పటికే వరసల మధ్య నడుస్తున్నాడు. ఎండుటాకు ఒకటి గిల్లి పారేస్తూ, తిరిగి చూడకుండా అన్నాడు.

"ఎర్రదే కట్టు."